ఆగస్టులో అందరూ ఛాంపియన్లే: అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ ఫ్యాన్స్, వాళ్ల మస్కట్ల గోల

అమెరికాలో ఆగస్టు వచ్చిందంటే కాలేజ్ ఫుట్‌బాల్ ఫ్యాన్స్ నోళ్లకి పట్టపగ్గాలుండవు. అప్పటికి ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు, కాబట్టి ఎవరెన్ని బడాయిలు పోయినా అడ్డు చెప్పడానికి ఆధారం లేదు. అలబామా వాళ్లు ఆబర్న్ వాళ్లని, టెక్సాస్ వాళ్లు ఓక్లహోమా వాళ్లని, మిషిగన్ వాళ్లు ఒహాయో స్టేట్ వాళ్లని పొద్దున లేచింది మొదలు దెప్పిపొడుస్తూనే ఉంటారు. బంతి విసిరే ముఖ్య ఆటగాడు క్వార్టర్‌బ్యాక్ ఎంత బాగా విసురుతాడు, కోచ్ ఉద్యోగం ఎన్నాళ్లు నిలుస్తుంది అనే లెక్కలు అందులో సగం. మిగతా సగం మస్కట్ల చుట్టూ, అంటే జట్టుకి గుర్తుగా పెట్టుకున్న ఎద్దులు, కుక్కలు, ఏనుగులు, మేకలు, ఒక చెట్టు, ఒక గింజ చుట్టూ తిరుగుతుంది. కొత్తగా చూసేవాళ్లకి ఇదంతా కాలక్షేపంలా అనిపిస్తుంది గానీ, ఈ ఆటని తరతరాలుగా అంతమంది ఎందుకు వదలట్లేదో తెలియాలంటే స్కోర్ల కంటే ముందు ఈ గోలనే అర్థం చేసుకోవాలి.

ముందు క్యాలెండర్ చూద్దాం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు, కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని పరిగెడుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. పై స్థాయిలో 130కి పైగా యూనివర్సిటీ జట్లున్నాయి. రెగ్యులర్ సీజన్‌లో ఒక్కో జట్టు ఆడేది 12 మ్యాచ్‌లే, అవి కూడా ఆగస్టు చివర్లో మొదలై నవంబర్ ఆఖరికల్లా, ఎక్కువగా శనివారాల్లో, అయిపోతాయి. ఆ తర్వాత ఛాంపియన్‌షిప్ కోసం ప్లేఆఫ్‌కి వెళ్లేవి 12 జట్లు, 2024 సీజన్‌కి ముందైతే నాలుగే. అంటే మామూలు జట్టుని నమ్ముకున్న అభిమానికి ఏడాదిలో తన వాళ్లు ఆడే రోజులు పన్నెండు, ఆడని రోజులు మూడొందల యాభైకి పైగా. ఆ ఖాళీ అంతా మాటలతోనే నిండాలి. పైగా ఈ 130 జట్లలో చాలావాటికి జాతీయ టైటిల్ ఈ జన్మకి రాదని వాళ్ల అభిమానులకీ తెలుసు. అందుకే వాళ్లకి అసలు టైటిల్ పక్క ఊరి జట్టుని ఓడించడమే. అది దక్కితే ఏడాదంతా తలెత్తుకు తిరుగుతారు, దక్కకపోతే ఆఫీసులో, చర్చిలో, అత్తారింట్లో ఏడాదంతా మాటలు పడతారు.

సీజన్ ముందు ఆశలు ఎంత ఎత్తుకి లేస్తాయో, అవి ఎంత త్వరగా నేలకి దిగుతాయో చూడాలంటే టెక్సాస్ యూనివర్సిటీని మించిన ఉదాహరణ లేదు. 2016లో మొదటి మ్యాచ్‌లోనే నోటర్ డేమ్‌ని ఓడించగానే టీవీ వ్యాఖ్యాత ఉత్సాహం పట్టలేక టెక్సాస్ మళ్లీ వచ్చేసింది అని ప్రకటించాడు. ఆ సీజన్ 5 గెలుపులు, 7 ఓటములతో ముగిసింది, కోచ్ ఉద్యోగం పోయింది. అప్పట్నుంచి ఆ ఒక్క మాట టెక్సాస్‌ని ఏడిపించాలనుకునే ప్రతివాడికీ ఆయుధం అయిపోయింది. 2019 జనవరి 1న సీజన్ చివర జరిగే షుగర్ బౌల్ మ్యాచ్‌లో జార్జియాని 28-21తో ఓడించాక టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్ శామ్ ఎలింజర్ మేం తిరిగొచ్చేశాం అని మైకులో అన్నాడు, తర్వాతి సీజన్‌లో 5 మ్యాచ్‌లు ఓడిపోయారు. 2025 ఆగస్టులో వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ సీజన్‌కి ముందు ఇచ్చే ర్యాంకుల్లో టెక్సాస్ నంబర్ వన్ అయింది. 1950 నుంచి ఇస్తున్న ఆ ర్యాంకుల్లో టెక్సాస్‌కి తొలిస్థానం రావడం అదే మొదటిసారి. ఆగస్టు 30న ఒహాయో స్టేట్ సొంతూరు కొలంబస్‌లో ఆ జట్టు చేతిలో 14-7తో ఓడింది, చివరికి 12 జట్ల ప్లేఆఫ్‌లో కూడా చోటు దొరకలేదు.

ఈ ఆగస్టు ర్యాంకుల్ని నమ్మి బోర్లాపడింది టెక్సాస్ ఒక్కటే కాదు. ఫ్లోరిడా స్టేట్ 2023 రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, 2024 సీజన్‌ని పదో ర్యాంకుతో మొదలుపెట్టి 2 గెలుపులు, 10 ఓటములతో ముగించింది. మరోపక్క దశాబ్దాల పాటు ఓటములకే పేరుబడ్డ ఇండియానా 2025 సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జాతీయ ఛాంపియన్ అయి కూర్చుంది. ఇన్ని చూశాక కూడా ఆగస్టు జోస్యాలు ఆగవు, ఆగకూడదు కూడా. ఎందుకంటే వాటి పని నిజమవ్వడం కాదు, నవంబర్‌లో ఎదుటివాడు బయటికి తీసి మొహాన కొట్టడానికి వీలుగా రికార్డు అవ్వడం. ఎవరు ఏ తేదీన ఏం కూశారో స్క్రీన్‌షాట్లు తీసి దాచుకునేవాళ్లు ప్రతి జట్టుకీ ఉంటారు. ఆ భయం ఉండీ తొడగొట్టేవాడికే ఇక్కడ గౌరవం ఎక్కువ. మేం ఓడిపోవచ్చు అని జాగ్రత్తగా మాట్లాడేవాడితో ఎవరికీ సరదా ఉండదు.

మరి మస్కట్ల గొడవ ఎందుకు? కారణం సూటిగా చెప్పుకోవచ్చు. కాలేజ్ ఆటగాడు నాలుగేళ్లకి వెళ్లిపోతాడు. ఈమధ్య అదీ లేదు. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకుని డబ్బు సంపాదించుకోవచ్చు, దాదాపు అదే సమయం నుంచి ఒక యూనివర్సిటీ వదిలి ఇంకోదానికి మారి వెంటనే ఆడేయొచ్చు, 2025 జూలై నుంచి యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకి డబ్బు చెల్లిస్తున్నాయి. దీంతో నిరుడు మన జట్టులో హీరో అయినవాడు ఈ ఏడు శత్రువు జెర్సీలో కనిపించడం మామూలైపోయింది. కోచ్‌లు ఎక్కువ జీతం ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్తారు. ఇంత రాకపోకల మధ్య కదలకుండా ఉండేది రంగు, పాట, స్టేడియం, మస్కట్. ఐపీఎల్‌లో వేలం తర్వాత ధోనీ ఎటుంటే అటు వెళ్లే అభిమానులు చాలామంది ఉంటారు, ఇక్కడ ఆ ప్రశ్నే రాదు, ఎందుకంటే అభిమాని ఆ యూనివర్సిటీలో చదివాడు, లేదా వాళ్ల నాన్న చదివాడు, లేదా ఆ ఊళ్లో పుట్టాడు. కాబట్టి తిట్టాలన్నా పొగడాలన్నా ఎప్పటికీ మారని పాత్ర ఒకటి కావాలి. మస్కట్ ఆ పాత్ర.

టెక్సాస్ మస్కట్ బీవో, పొడుగు కొమ్ముల ఎద్దు. మొదటిసారి 1916లో థాంక్స్‌గివింగ్ రోజున టెక్సాస్ ఏ అండ్ ఎం అనే ఇంకో యూనివర్సిటీతో మ్యాచ్‌కి దాన్ని తీసుకొచ్చారు. తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో ఏ అండ్ ఎం కుర్రాళ్లు రాత్రిపూట చొరబడి ఆ ఎద్దు ఒంటి మీద 13-0 అని వాత పెట్టి పారిపోయారు, 1915లో తాము గెలిచిన స్కోరు అది. టెక్సాస్ వాళ్లు ఆ అంకెల్ని తెలివిగా దిద్ది బీవో అనే పేరుగా మార్చారని ఏ అండ్ ఎం అభిమానులు ఈరోజుకీ చెబుతారు. అందులో నిజం లేదు, వాత పడకముందే 1916 డిసెంబర్‌లో ఆ పేరు అచ్చులో వచ్చింది. కానీ వందేళ్లుగా ఈ కథ చెప్పినవాళ్లూ, కొట్టిపారేసినవాళ్లూ ఎవరూ అలిసిపోలేదు. ఆ మొదటి బీవోని మేపడం యుద్ధకాలంలో ఖర్చనిపించి, చివరికి 1920 జనవరిలో జట్టు విందులో వండేశారు. ఆ విందుకి ఏ అండ్ ఎం వాళ్లని కూడా పిలిచారు, వాత పెట్టిన వైపు మాంసం వాళ్లకి వడ్డించి, 13-0 కనిపిస్తున్న తోలుని కానుకగా చేతిలో పెట్టారు. ఇప్పుడు వింటే జంతువు మీద జాలేస్తుంది, వేయాలి కూడా. అయితే ఎదుటివాడి ఎత్తిపొడుపుకి అతిథి మర్యాదతో జవాబివ్వడం అనే పద్ధతి మాత్రం ఈ రెండు యూనివర్సిటీల మధ్య అక్కడే మొదలైంది.

ఏ అండ్ ఎం వైపు ఉన్నది రెవెలీ అనే కుక్క. 1931లో కొందరు క్యాడెట్ల (అక్కడ సైనిక శిక్షణ తీసుకునే విద్యార్థుల) కారు కింద పడి దెబ్బ తగిలిన ఒక వీధికుక్కని క్యాంపస్‌కి తెచ్చుకున్నారు, మర్నాడు పొద్దున మేలుకొలుపు బాకా ఊదగానే అది మొరగడం మొదలుపెట్టింది, అందుకే ఆ బాకా పేరే దానికి పెట్టారు. ఇప్పుడున్నది కాలీ జాతి కుక్క, వరసలో పదోది. క్యాడెట్ల దళంలో అందరికన్నా పెద్ద ర్యాంకు దానిదే, మొదటి ఏడాది క్యాడెట్లు దాన్ని మేడమ్ అని పిలవాలి. ఏ క్యాడెట్ మంచం మీద అది పడుకుంటే ఆ క్యాడెట్ నేల మీద పడుకోవాలి. క్లాసులో అది మొరిగితే ప్రొఫెసర్ పాఠం బోర్ కొట్టిందని అర్థం, క్లాసు అక్కడితో ముగించాలనేది ఆనవాయితీ. చనిపోయిన రెవెలీలని కైల్ ఫీల్డ్ స్టేడియం బయట, స్కోర్‌బోర్డు కనిపించేలా మొహం తిప్పి పాతిపెట్టారు. తర్వాత స్టేడియం పెంచినప్పుడు గోడ అడ్డొచ్చి స్కోర్‌బోర్డు కనిపించకుండా పోయింది. అప్పుడేం చేశారంటే, ఆ సమాధుల కోసం ప్రత్యేకంగా బయట ఒక చిన్న స్కోర్‌బోర్డు పెట్టారు. టెక్సాస్ వాళ్లు దీన్నిబట్టి ఏ అండ్ ఎం వాళ్లని పిచ్చోళ్లంటారు, ఏ అండ్ ఎం వాళ్లు ఆ మాటకి గర్వపడతారు. ఈ ఒక్క స్కోర్‌బోర్డు చాలు, ఇది మార్కెటింగ్ విభాగం కూర్చుని తయారుచేసిన బొమ్మల ఆట కాదని అర్థమవడానికి.

నిజమైన జంతువులు మైదానంలో ఎదురుపడితే ఏమవుతుందో పైన చెప్పిన ఆ షుగర్ బౌల్‌లోనే దేశమంతా చూసింది. జార్జియా మస్కట్ ఉగా, ఎర్ర జెర్సీ వేసుకునే తెల్లటి ఇంగ్లిష్ బుల్‌డాగ్, 1956 నుంచి సవన్నాకి చెందిన ఒకే కుటుంబం పెంచుతోంది. చనిపోయిన ఉగాలని సాన్‌ఫర్డ్ స్టేడియంలోనే పాలరాతి గూళ్లలో పెట్టారు. మ్యాచ్‌కి ముందు ఫొటో కోసం పదో ఉగాని బీవో దగ్గరికి తీసుకెళ్తుండగా, కొమ్ములే నాలుగడుగులకి పైగా ఉన్న ఆ ఎద్దు ఇనప కంచెని తోసుకుని ఒక్కసారిగా ముందుకి దూకింది. ఫొటోగ్రాఫర్లు చెల్లాచెదురయ్యారు, కుక్కని లాగేశారు, పెద్ద ప్రమాదం తప్పింది. మైదానంలో ఓటమి కంటే ఆ రెండు మూడు సెకన్ల వీడియో జార్జియా అభిమానుల్ని ఎక్కువ కాలం వెంటాడింది. 2024 డిసెంబర్‌లో అట్లాంటాలో ఈ రెండు జట్లు తమ కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమి) ఫైనల్‌లో తలపడినప్పుడు బీవోకి అనుమతి దొరకలేదు, మైదానం అంచున చోటు సరిపోదన్నారు. కారణం నిజంగా చోటే అయినా, ఇలాంటి వివరణని ప్రత్యర్థి అభిమానులు ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం జరగదు.

ఒహాయో స్టేట్, మిషిగన్‌ల లెక్క ఇంకో రకం. 1835లో టొలీడో ప్రాంతం ఎవరిదనే సరిహద్దు తగాదాలో ఈ రెండు వైపుల వాళ్లూ సైన్యాల్ని కూడా మోహరించారు, కాబట్టి వైరం ఫుట్‌బాల్ కంటే పాతది. ఒహాయో స్టేట్ వాళ్లు మిషిగన్ పేరు కూడా ఎత్తరు, ఉత్తరాన ఉన్న ఆ జట్టు అంటారు. మ్యాచ్ వారంలో క్యాంపస్ బోర్డుల మీద ఎక్కడ ఎం అక్షరం కనిపించినా ఎర్ర టేపుతో కొట్టేస్తారు. వాళ్ల మస్కట్ బ్రూటస్, తల స్థానంలో పెద్ద బకాయ్ గింజ. ఆ గింజ తింటే విషం, దేనికీ పనికిరాదు అని మిషిగన్ వాళ్లు వెంటనే గుర్తుచేస్తారు. మిషిగన్‌కి వుల్వరిన్ అనే అడవి జంతువు పేరుంది గానీ వేషం వేసుకుని గంతులేసే మస్కట్ లేదు, మాకు అలాంటి చిన్నపిల్లల వేషాలు అక్కర్లేదనే గర్వం వాళ్లది. 2024లో మిషిగన్ ఎవరూ ఊహించని విధంగా కొలంబస్‌లోనే 13-10తో గెలిచి, మైదానం మధ్యలో జెండా పాతబోతే కొట్లాట అయింది, పోలీసులు పెప్పర్ స్ప్రే వాడాల్సి వచ్చింది, రెండు యూనివర్సిటీలకీ చెరో లక్ష డాలర్ల జరిమానా పడింది. మిషిగన్‌కి అది వరసగా నాలుగో గెలుపు. అదే ఒహాయో స్టేట్ ఆ తర్వాత ప్లేఆఫ్ గెలిచి జాతీయ ఛాంపియన్ అయింది. అంటే ఆ ఏడాది ఒకరి చేతిలో కప్పు ఉంది, ఇంకొకరి చేతిలో ఆ కప్పు గెలిచినవాణ్ణి వాడి ఇంట్లోనే ఓడించామన్న మాట ఉంది. ఈ రెంటిలో ఏది గొప్ప అని తేల్చడం ఎవరివల్లా కాదు, అందుకే ఆ ఎండాకాలం అంతా వాదన సాగింది.

మాట ఎలా తిరిగి తగులుతుందో కూడా మిషిగన్ దగ్గరే నేర్చుకోవచ్చు. 2007లో అదే రాష్ట్రంలోని ఇంకో యూనివర్సిటీ మిషిగన్ స్టేట్‌ని ఓడించాక మిషిగన్ ఆటగాడు మైక్ హార్ట్ ఆ జట్టుని చిన్న తమ్ముడితో పోల్చాడు. తర్వాతి నాలుగేళ్లూ ఆ తమ్ముడే గెలిచాడు. ఓడినప్పుడు ఎదుటివాళ్లకి గుర్తుండేది స్కోరు ఒక్కటే, వెక్కిరించి ఓడితే ఆ వెక్కిరింపు పేరుతో సహా పదేళ్లు గుర్తుంటుంది.

అన్నిటికన్నా ఘాటైన వైరం మాత్రం అలబామా రాష్ట్రంలోనిది. ఆ రాష్ట్రంలో పెద్ద ప్రొఫెషనల్ జట్టు ఒక్కటి కూడా లేదు. న్యూయార్క్‌లో అభిమానం నాలుగైదు ఆటలకి, పది జట్లకి చెదిరిపోతుంది, అలబామాలో పుట్టినవాడికి రెండే దారులు, అలబామా లేదా ఆబర్న్. ఒకే ఇంట్లో మొగుడిది ఒకటి, పెళ్లానిది ఒకటి అయిన ఇళ్లు కోకొల్లలు. 1907 తర్వాత ఖర్చుల దగ్గర, రెఫరీల దగ్గర పేచీ వచ్చి ఈ రెండు జట్లు ఏకంగా 41 ఏళ్లు ఒకదానితో ఒకటి ఆడలేదు, 1948లో మళ్లీ మొదలుపెట్టాయి. అలబామా మస్కట్ ఏనుగు. 1930లో ఒక పత్రికా రచయిత వాళ్ల భారీ ఆటగాళ్లు మైదానంలోకి వస్తుంటే ఏనుగులొస్తున్నట్టుందని రాయడంతో అది అంటుకుంది. ఆబర్న్ మస్కట్ పులి, కానీ వాళ్ల నినాదం గద్ద పేరు మీద ఉంటుంది, మ్యాచ్ ముందు స్టేడియం మీద నిజమైన గద్ద ఎగురుతుంది. మీది పులా గద్దా ముందు తేల్చుకోండి అనేది అలబామా వాళ్ల పాత పాట.

ఈ వైరమే హద్దు దాటితే ఎంత చేటో కూడా చూపించింది. 2010 నవంబర్‌లో అలబామా 24-0తో ముందుండి కూడా 28-27తో ఓడిపోయింది. తర్వాత ఒక అలబామా అభిమాని ఆబర్న్ ఊళ్లో టూమర్స్ కార్నర్ దగ్గరున్న రెండు పాత ఓక్ చెట్లకి కలుపుమందు పోశాడు. గెలిచినప్పుడల్లా ఆబర్న్ జనం టాయిలెట్ పేపర్ రోల్స్ విసిరి పండగ చేసుకునే చెట్లవి. 2011 జనవరిలో రేడియో కార్యక్రమానికి ఫోన్ చేసి మరీ తన ఘనకార్యం చెప్పుకున్నాడు. అతనికి జైలు పడింది, చెట్లు మాత్రం బతకలేదు, 2013లో తీసేశారు. దీన్ని అభిమానం ముదిరిపోవడం అని కొందరు సర్దిచెబుతారు. అది తప్పు. అభిమానికి ఎదుటివాడు ఉండాలి, వాడు రేపు మళ్లీ గొడవకి రావాలి. చెట్టుకి విషం పెట్టినవాడికి ఎదుటివాడు అసలు ఉండకూడదు. ఈ తేడా అలబామా అభిమానులకే ముందు తెలిసింది, ఆ చెట్లని కాపాడడానికి వాళ్లు కూడా చందాలు పోగుచేశారు.

జంతువుల్ని ఎత్తుకెళ్లడం దీనికన్నా తేలిక తప్పుగా చూస్తారు గానీ, అందులోనూ మాట్లాడుకోవాల్సింది ఉంది. ఆర్మీ, నేవీ అకాడెమీల మధ్య ఇది 1953 నుంచి నడుస్తోంది. నేవీ మస్కట్ బిల్ అనే మేక. ఎత్తుకెళ్లకూడదని పెద్దలు ఒప్పందాలు రాసుకున్నా, 2021 నవంబర్‌లో ఆర్మీ క్యాడెట్లు నేవీ అకాడెమీ ఉన్న అనాపొలిస్ దగ్గర ఒక పొలం మీద పడ్డారు. అలికిడికి మేకలు బెదిరి చీకట్లో పరుగందుకున్నాయి, చేతికి చిక్కిన దాన్ని వేసుకుని నాలుగు గంటల దూరం పోయాక చూస్తే అది ఇప్పటి మస్కట్ కాదు, ఎప్పుడో రిటైరైన 14 ఏళ్ల ముసలి మేక, ఒకటే కొమ్ము, కీళ్ల నొప్పులు. క్షేమంగానే తిరిగిచ్చారు. 1993లో టెక్సాస్ వైపు కుర్రాళ్లు డాలస్‌లో ఒక ఇంటి పెరట్లోంచి రెవెలీని ఎత్తుకెళ్లినప్పుడు కూడా అది క్షేమంగానే దొరికింది. అయినా జంతువుకి ఇది ఆట అని తెలియదు. ఈ విషయంలో ఫ్యాన్స్ కంటే యూనివర్సిటీలు కొంత ముందుకి వచ్చాయి, లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) తన పులి మైక్‌ని ఏళ్ల క్రితమే స్టేడియంకి తేవడం మానేసింది. 2024 నవంబర్‌లో లూసియానా గవర్నర్ పట్టుబట్టి బయటి నుంచి ఇంకో పులిని బోనులో తెప్పించాడు. ఆ మ్యాచ్‌లో అలబామా 42-13తో గెలిచింది, పులిని తెచ్చినందుకు వచ్చిన విమర్శలు మిగిలాయి. అది తేవాల్సింది కాదు.

మనుషుల్నే మస్కట్లుగా చేయడం మరీ చిక్కైన విషయం. స్టాన్‌ఫర్డ్ 1972 దాకా ఇండియన్స్ (అమెరికా మూలవాసులు) అనే పేరుతో ఆడింది, స్థానిక తెగల విద్యార్థులు అభ్యంతరం చెప్పాక వదిలేసింది, ఇప్పుడు వాళ్ల బ్యాండ్ తరఫున గంతులేసేది ఒక చెట్టు వేషం. 2005లో కాలేజ్ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ఇలాంటి పేర్లున్న యూనివర్సిటీల మీద ఆంక్షలు పెట్టింది. నార్త్ డకోటా చాలాకాలం పోరాడి, చివరికి సూ తెగ మీద పెట్టుకున్న ఫైటింగ్ సూ అనే పేరు వదిలి 2015లో ఫైటింగ్ హాక్స్ అయింది. సెమినోల్స్ అనే పేరుతో ఆడే ఫ్లోరిడా స్టేట్‌కి మాత్రం మినహాయింపు దొరికింది, ఎందుకంటే ఫ్లోరిడా సెమినోల్ తెగ తన మద్దతుని రాతపూర్వకంగా ఇచ్చింది. ఇక్కడ ఫ్యాన్స్ మాటల విషయంలో ఒక ఇబ్బంది ఉంది. సెమినోల్ తెగ తమ పేరుకి ఒప్పుకుంది గానీ, ఎదుటి జట్టు అభిమానులు ఆ పేరు పట్టుకుని చేసే జోకులకి ఎవరి అనుమతీ లేదు. ఎద్దుని ఎగతాళి చేస్తే ఎద్దు బాధపడదు. ఒక జాతి పేరుని ఎగతాళి చేస్తే స్టాండ్స్‌లో కూర్చున్న మనిషికి తగులుతుంది.

అదే నోటి దురుసుతనం ఒక్కోసారి అనుకోకుండా మంచిని కూడా పుట్టిస్తుంది. 2014లో నెబ్రాస్కా కోచ్ పేరుతో నడిచే ఒక సరదా ట్విట్టర్ ఖాతా, మిన్నెసోటా మస్కట్ గోల్డీ గోఫర్ ఖాతా మాటామాటా అనుకున్నాయి. గెలిస్తే ఐదు డాలర్లు, ఓడితే చెక్క కుర్చీతో వీపు మీద కొట్టించుకోవాలనే పందెం దాకా వెళ్లింది. అభిమానులు దాన్ని వదల్లేదు, నిజంగానే ఐదు డాలర్ల విరిగిన కుర్చీ ట్రోఫీ తయారైంది. యూనివర్సిటీలు పట్టించుకోకపోయినా రెండు వైపుల ఫ్యాన్స్ దాన్ని బతికించి, ఆ పేరు మీద పిల్లల క్యాన్సర్ పరిశోధనకి విరాళాలు పోగుచేశారు. అయోవాలో 2017 నుంచి మొదటి క్వార్టర్ అయ్యాక స్టేడియం మొత్తం వెనక్కి తిరిగి, పక్కనే ఉన్న పిల్లల ఆసుపత్రి కిటికీల వైపు చేతులూపుతుంది. ప్రత్యర్థి అభిమానులు, ఆటగాళ్లు, రెఫరీలు అందరూ ఊపుతారు. అంతకుముందు 1999 నవంబర్ 18న ఏ అండ్ ఎంలో, టెక్సాస్‌తో మ్యాచ్ ముందు మంట వేయడానికి ఏటా పేర్చే భారీ దుంగల గుట్ట కూలిపోయి 12 మంది చనిపోయారు. టెక్సాస్ యూనివర్సిటీ ఏ అండ్ ఎంకి శాపాలు పెట్టే తన వార్షిక సభని రద్దు చేసి, రెండు వైపుల వాళ్లూ కలిసి కూర్చునే సంతాప సభ పెట్టింది. వారం తర్వాత జరిగిన మ్యాచ్‌లో టెక్సాస్ బ్యాండ్ మైదానంలో సంతాప గీతాలు వాయించి, జెండాలు దించి, టోపీలు తీసి బయటికి నడిచింది. ఏ అండ్ ఎం 20-16తో గెలిచింది. ఆ ఏడాది టెక్సాస్‌లో ఎవరూ స్కోరు గురించి ఎదుటివాళ్లని దెప్పలేదు. తర్వాతి ఏడాది మళ్లీ మొదలుపెట్టారు, ఏ అండ్ ఎం వాళ్లు కోరుకున్నదీ అదే.

ఈ మస్కట్ల సరదాని టీవీలో ఇంటింటికీ చేర్చినవాడు వ్యాఖ్యాత లీ కోర్సో. 1996 అక్టోబర్ 5న కొలంబస్‌లో ఒక మ్యాచ్ ఎవరు గెలుస్తారో చెప్పడానికి బ్రూటస్ తల తీసి నెత్తిన పెట్టుకున్నాడు. అది అంత పండిందంటే, తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్లు ప్రతి శనివారం పొద్దున ఆయన ఏ తల పెట్టుకుంటాడా అని స్టేడియం బయట వేలమంది ఎదురుచూశారు. తమ తల పెట్టుకుంటే కేకలు, శత్రువుది పెట్టుకుంటే బూతులు, రెండూ ప్రేమే. 90 ఏళ్లకి, 2025 ఆగస్టు 30న, మొదలుపెట్టిన కొలంబస్‌లోనే రిటైర్ అయ్యాడు, టెక్సాస్ నంబర్ వన్ ర్యాంకు పోగొట్టుకున్న అదే రోజు. ఆఖరిసారి పెట్టుకున్న తల కూడా బ్రూటస్‌దే.

అమెరికాకి చదువుకి వెళ్లే తెలుగు పిల్లలకి ఈ లోకం మొదట్లో కొత్తగా ఉంటుంది. వాళ్లు పెద్ద సంఖ్యలో చేరే డాలస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కి టెమాక్ అనే తోకచుక్క మస్కట్ ఉంది గానీ ఫుట్‌బాల్ జట్టే లేదు. ఆర్లింగ్టన్‌లోని యూనివర్సిటీ 1985 సీజన్ తర్వాత ఫుట్‌బాల్ ఆపేసింది. దాంతో చాలామందికి ఈ గొడవ ఉద్యోగంలో చేరాకే, పక్క సీటులో ఒక టెక్సాస్ పట్టభద్రుడు, ఎదురు సీటులో ఒక ఏ అండ్ ఎం పట్టభద్రుడు ఉన్నప్పుడే పరిచయమవుతుంది. అక్కడ సలహా ఒక్కటే, రూల్స్ పూర్తిగా అర్థమయ్యేదాకా ఆగక్కర్లేదు. బీవోని ఎవరు తిన్నారో, రెవెలీ సమాధులకి స్కోర్‌బోర్డు ఎందుకుందో తెలిస్తే చాలు, ఆ మాటల్లో చోటు దొరుకుతుంది. చూపుడు, చిటికెన వేళ్లు చాపి, ఆ చేతిని కిందికి తిప్పి టెక్సాస్ వాళ్ల ముందు చూపిస్తే మాత్రం గొడవకి సిద్ధపడి ఉండాలి, 1955లో పుట్టిన వాళ్ల కొమ్ముల గుర్తుని తలకిందులు చేయడం అది. అలా చూపించిన ఆటగాళ్లకి రెఫరీలు పెనాల్టీ వేసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు ఈ మాటల లోకానికి ఉన్న అసలు ముప్పు దురుసు అభిమానుల నుంచి రావట్లేదు, టీవీ ఒప్పందాల నుంచి వస్తోంది. ఎక్కువ డబ్బున్న కాన్ఫరెన్స్‌లోకి యూనివర్సిటీలు ఎగబాకడంతో పక్కపక్క ఊళ్ల మ్యాచ్‌లు క్యాలెండర్‌లోంచి జారిపోతున్నాయి. పసిఫిక్ తీరంలోని స్టాన్‌ఫర్డ్, క్యాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) 2024 నుంచి అట్లాంటిక్ పేరున్న కాన్ఫరెన్స్‌లో ఆడుతున్నాయి. టెక్సాస్, ఏ అండ్ ఎం కూడా ఇలాగే విడిపోయాయి. 2011లో ఆఖరి క్షణంలో జస్టిన్ టక్కర్ కొట్టిన ఫీల్డ్ గోల్‌తో టెక్సాస్ 27-25తో గెలిచింది, తర్వాత 13 ఏళ్లు మ్యాచ్ లేదు, ఆ 13 ఏళ్లూ టెక్సాస్ వాళ్లు చివరి మాట మాదే అంటూ ఉన్నారు, ఏ అండ్ ఎం వాళ్ల దగ్గర జవాబు చెప్పుకోవడానికి మైదానం లేదు. 2024 నవంబర్‌లో ఒకే కాన్ఫరెన్స్‌లోకి వచ్చి మళ్లీ ఆడితే టెక్సాస్ 17-7తో గెలిచింది. 2025లో ఒక్క ఓటమి కూడా లేకుండా వచ్చిన ఏ అండ్ ఎంని 27-17తో ఓడించింది. ఓడినా ఏ అండ్ ఎం వాళ్లకి ఇదే నయం, వచ్చే ఏడాది మ్యాచ్ ఉంటుంది కదా.

ఓక్లహోమాలో ఆ అదృష్టం పోయింది. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్‌ల మధ్య వందేళ్లకి పైగా సాగిన మ్యాచ్ 2023 నవంబర్ 4తో ఆగింది. మొత్తం చరిత్రలో ఓక్లహోమా గెలుపులు 91, ఓక్లహోమా స్టేట్‌వి 20. కానీ ఆఖరిది 27-24తో ఓక్లహోమా స్టేట్ గెలిచింది. మళ్లీ ఆడేదాకా 91 అంకె చూపించేవాళ్లు ఒకవైపు, ఆఖరి స్కోరు చూపించేవాళ్లు ఇంకోవైపు, ఏ ఆగస్టులోనూ ఎవరి నోరూ మూతపడదు, ఎవరి మాటా నెగ్గదు.